వెనుక అర్రలు ఎవరివి?

సున్నం బకెట్టును నేను తన్నలే. కాలికి తగిలింది. పొద్దటి సంది ఈ మాట ఎన్ని తీర్ల చెప్పినా మా ఇంట్ల నమ్మినోళ్లు ఒక్కరు లేరు.

"తగిలితే ఒలుకుతది వదినా. ఎగిరి పోయి జామచెట్టుకు కొట్టుకోదు," అన్నడు మా మరిది రాజలింగం. చేతిల కుంచె, మోచేతుల దాక సున్నం. ఆ మాట అని, చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, అన్నం ముట్టకుండ డ్యూటీకి పోయిండు.

అన్నం ముట్టకుండ పోవుడు మా ఇంట్ల చిన్న సంగతి కాదు. పొద్దు మాపు యూనివర్సిటీ పిలగాండ్లకు వండి పెట్టే ఇల్లు మాది. తార్నాకల దిగి నా పేరు మీదున్న భారతమ్మ మెస్సు ఏడున్నదంటే ఎవరైనా తొవ్వ చూపిస్తరు. అసుంటి ఇంట్లకెల్లి ఇంటి మనిషే ఆకలితోని పోతే నా మొఖం ఏం కావాలె?

"నువ్వే తన్నినవ్," అన్నది మా అత్త లచ్చవ్వ, మంచం మీద కూసుని తమలపాకుకు సున్నం రాసుకుంట.

"నువ్వు చూసినవా అత్తా?"

"చూడలే. నాకు నీ కాలు ఎరుకే."

నవ్వు వచ్చింది గని ఆపుకున్న. ఆ పూట నవ్వితే నా కోపానికి విలువ లేకుండ పోతది.

కోపం ఎందుకు రాదు? సాయంత్రం ఇంటికి విలువ కట్టే సారు వస్తున్నడు. మా మామ లక్ష్మయ్య పోయినంక అన్నదమ్ములు ఇల్లు పంచుకునే మాట తీసుడు ఇదే మొదలు. రాజలింగం హబ్సిగూడల జాగ చూసుకున్నడు. వాని సగానికి పైసలు ఇచ్చేస్తే వాడు ఆడ ఇల్లు కట్టుకుంటడు, ఈ ఇల్లు మాకు ఉంటది. ఇచ్చేటోనికి విలువ తక్కువ రావాలె, తీసుకునేటోనికి ఎక్కువ రావాలె. అందుకని మరిది వారం సంది ఇంటి ముందు గోడలకు సున్నం కొడుతున్నడు, గేటుకు ఎర్రరంగు పూస్తున్నడు. పిల్లను చూసెతందుకు వచ్చేటోళ్ల కోసం పిల్లను తయారు చేసినట్టు.

మా ఆయన భీమయ్య ఏమన్న తక్కువా? అరుగు మీద పగిలిన బండకు పెడదామని తెచ్చిన సిమెంటు సంచిని మంచం కిందికి తోసిండు. వానకు కారే మూలను చూసుకుంట తృప్తిగ మీసం దువ్వుకున్నడు. "ఆ మూలకు మాత్రం సున్నం ముట్టియ్యకు," అని తమ్మునికి చెప్పిండు. తమ్ముడు కావాలని ఆ మూలకే రెండు సార్లు కొట్టిండు. గంత పెద్ద మనుషులు, గట్ల చేసిండ్రు.

నా ఫికరు వేరే. నా ఫికరంత పెరట్ల ఉన్న వెనుక అర్రలది.

ముందు ఇల్లు మామ కట్టింది. వెనుక మూడర్రలు మామ పోయినంక లేచినయి. ఒక అర్రల వంట, ఒక అర్రల పిలగాండ్లు కూసుని తినుడు, ఇంకొకదాంట్ల బియ్యం సంచులు, పప్పులు. మా ఆయన లాలాగూడ రైల్వే కార్ఖానాల రాత్రి డ్యూటీలు చేసుకుంట పగలు పండుకుంటుంటే, మేస్త్రీ పక్కకు నిలబడి కట్టిచ్చింది నేను. ఇసుక బండి దించుకున్నది నేను, కొత్త గోడలకు నీళ్లు కొట్టింది నేను. మెస్సుల మిగిలిన పైసలే ఆ గోడలైనయి. ఇప్పుడు సారు వచ్చి ముందిల్లు వెనుకిల్లు కలిపి ఒకటే అని రాసిండనుకో, నా అర్రలల్ల సగం మరిదివి అయితయి. గన్ని పైసలు మేము ఇయ్యలేకపోతే ఇల్లు మొత్తం అమ్ముడే. నా పొయ్యి ఏడ పెట్టుకోవాలె?

బాలలక్ష్మి, రాజలింగం పెండ్లాం, టిఫిన్ డబ్బా సదిరి తెచ్చింది. "అక్కా, నేను పోయి ఇచ్చి రానా?"

"నువ్వు ఇస్తే తింటడు. నేను ఇస్తే మాట్లాడుతడు. నాకు మాట్లాడేది ఉన్నది," అన్న.

"కొట్టుకోకున్రి అక్కా."

"కొట్టుకునుడు ఏంది? నేనేమన్న బకెట్లు తన్నే మనిషినా?"

ఆమె కొంగు నోట్లె పెట్టుకుని లోపలికి పోయింది. ఆమె గూడ నమ్మలేదన్నట్టు.

* * *

యూనివర్సిటీల నడుసుడంటే నాకు ఇష్టం. గంత పెద్ద జాగ, గంత నీడ, ఎవరు ఎవరిని తోసుకోరు. ఆర్ట్స్ కాలేజి మెట్ల మీద కూసున్న పిలగాండ్లు నన్ను చూసి లేచిండ్రు. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన బిక్షం అని ఒకడు, దూరం కెల్లే అరిసిండు, "అమ్మా, మాపటికి ఏం కూర?"

"నువ్వు చదివిన దాన్ని బట్టి," అన్న.

"అయితే చారే," అన్నడు పక్కోడు. నవ్వుకుంట పోయిన. ఆ నవ్వుల నా గుండె జర నిమ్మళమైంది. వాళ్ల నోట్లెకు పోయే ముద్ద నా అర్రలల్ల వండింది. ఆ అర్రల గురించి కొట్లాడెతందుకు నాకు సిగ్గెందుకు?

రాజలింగం ఇంజినీరింగు కాలేజి ల్యాబుల పని చేస్తడు. ఇటుకలను మిషిన్ల పెట్టి ఎంత బరువుకు పగులుతయో చూసుడు వాని పని. ఇంట్ల మనుషుల మీద గూడ అదే పరీక్ష పెడుతడని నా అనుమానం.

నన్ను చూసి మిషిను ఆపి బయటికి వచ్చిండు. వేపచెట్టు కింద బండ మీద కూసున్నం. డబ్బా మూత తీసి ముంగట పెట్టిన. జొన్నరొట్టె, పుంటికూర పప్పు. వాడు డబ్బా దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

"తిను. విషం కలపలే."

"విషం అయితే భయం లేదు వదినా. నువ్వు ప్రేమతోని తెచ్చినవంటేనే భయం."

తినుడు మొదలుపెట్టిండు. వాడు తినేదాక నేను మాట్లాడలే. అన్నం ముంగట కొట్లాట పెట్టుడు నాకు రాదు. నేను ఈ ఇంటికి కోడలై వచ్చిననాడు వాడు బడికి పోయే పిలగాడు. వాని సంచిల రొట్టె కట్టి పెట్టింది నేనే. ఇప్పుడు గదే మనిషి నాకు ఎదురుంగ కూసుని భాగం అడుగుతున్నడు.

"సాయంత్రం వచ్చే సారుకు వెనుక అర్రల గురించి ఏం చెప్తవు?" అని అడిగిన.

"ఆయన ఏం అడిగితే గది చెప్త."

"అది జవాబు కాదు."

"మరేం చెప్పాలె వదినా? అర్రలు లేవని చెప్పాల్నా? పిలగాండ్లు అండ్ల కూసుని తింటుంటరు, ఆయనకు కనపడవా?"

"రాజలింగం, ఆ అర్రలు మీ బాపు కట్టలే."

"కట్టింది బాపు జాగల కద."

అది నిజమే. నిజం మాట వింటే నాకు ఇంక కోపం ఎక్కువైతది. డబ్బా మూత గట్టిగ వేసిన.

"అయితే సగం తీసుకో. పొయ్యిల సగం, పెంకుల సగం గూడ తీసుకపో."

"నేను అమ్ముమని అన్ననా? నా భాగం నాకు న్యాయంగ రావాలె అంటున్న. ఇంత సంసారం ఎల్లకాలం ఆ ముందు రెండర్రలల్లనే ఉండాల్నా? బాలలక్ష్మికి ఆడ నీళ్లు పోసుకునే జాగ లేదు. రేపు పిల్లలైతే యాడ పండుకోవాలె?"

వాడు చెప్పేది తప్పు కాదు. అదే నన్ను పరేషాన్ చేస్తున్నది. వాడు దొంగ అయితే ఎంత మంచిగుండు, హాయిగ తిట్టుకునేదాన్ని.

"నువ్వేమంటవు వదినా?" అని అడిగిండు లేచుకుంట. "సారు అడిగితే నువ్వేం చెప్తవు?"

"నన్నెవరు అడుగుతరు? నాదేమున్నది, మీ అన్న చెప్పినట్టే."

వాడు ల్యాబుల ఎవరో పిలిస్తే లోపలికి పోయిండు. ఖాళీ డబ్బా పట్టుకుని నేను తార్నాక తొవ్వ పట్టిన. గెలిచిననో ఓడిననో తెలవలే. రొట్టెలన్ని తిన్నడు, అంత వరకు సంతోషం.

* * *

వీరస్వామి సారు సీతాఫల్‌మండి నుంచి సైకిలు మీద వచ్చిండు. ఒకప్పుడు సర్కారు ఇంజినీరు, ఇప్పుడు కోర్టులకు, బ్యాంకులకు ఇండ్ల విలువ కట్టి ఇస్తడు. తెల్లటి చొక్కా, ముక్కు మీద అద్దాలు, భుజానికి తోలు సంచి. ఆ సంచిల కొలిచే టేపు ఉన్నదని మా ఆయన నా చెవిల చెప్పిండు, సంచిల పాము ఉన్నదని చెప్పినట్టు.

రాజలింగం గేటు దగ్గరనే నిలబడ్డడు. సారు చూపు కొత్త సున్నం మీద పడాలని పక్కకు జరిగిండు. మా ఆయన పగిలిన బండ దగ్గర నిలబడి, "జర చూసి నడువున్రి సారు, కాలు ఇరుక్కుంటది," అన్నడు.

సారు గోడ చూడలే, బండ చూడలే. జామచెట్టు కింద కుర్సీల కూసున్నడు. నీళ్లు తాగిండు.

"సారు, చీకటి పడకముందు ముందర కొలుస్తరా, వెనుక కొలుస్తరా?" అన్నడు మా ఆయన.

"గోడలు యాడికీ పోవు. ముందు ప్రశ్న చెప్పున్రి."

"ఏం ప్రశ్న సారు? ఇల్లు ఎంత చేస్తది, అంతే కద."

"ఎవరికి ఎంత చేస్తది? ఎందుకు చేస్తది? ఏ రోజుకు చేస్తది? బ్యాంకుకు చెప్పే విలువ వేరే భీమయ్యా, కొనేటోనికి చెప్పే విలువ వేరే. నన్ను పిలిచింది మీ ఇద్దరు. ఇద్దరు అడిగేది ఒకటే ప్రశ్ననా, రెండు ప్రశ్నలా, ముందు గది తేలాలె. అందాక నేను సంచి విప్ప."

అన్నదమ్ములు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. వారం సంది ఒకడు సున్నం కొట్టిండు, ఒకడు సిమెంటు దాసిండు. ప్రశ్న ఏందో ఇద్దరు మాట్లాడుకోలే. నాకు లోపల మస్తు నవ్వు వచ్చింది.

"పంచుకునెతందుకు సారు," అన్నడు రాజలింగం. "అమ్మం. నా సగం అన్న తీసుకుంటడు."

"మంచిది. భీమయ్యా, నీది గూడ గదే మాటనా?"

"గదే సారు."

సారు ఒక తెల్ల కాయితం తీసి తొడ మీద పెట్టుకుని రాసిండు. "ఇగ ఏ రోజు నాటి విలువ?"

"ఇయ్యాల్టిది," అన్నడు రాజలింగం.

"బాపు పోయిన నాటిది," అన్నడు మా ఆయన.

రెండు మాటలు ఒక్కసారే వచ్చినయి. ఇగ చూడు కొట్లాట. లాబొరేటరీలు, క్వార్టర్లు వచ్చినంక తార్నాకల జాగల ధర ఎట్ల పెరిగిందో రాజలింగం చెప్పిండు. బాపు పోయిననాడే ఇల్లు ఇద్దరిదైంది, అప్పటి ధరనే న్యాయమని మా ఆయన అన్నడు. "అప్పుడు నాకు ఇయ్యకపోతివి, ఇన్నేండ్లు నా సగం గూడ పెరిగింది కద," అని తమ్ముడు. "ఇన్నేండ్లు ఇంటిపన్ను ఎవరు కట్టిండ్రు," అని అన్న. బాలలక్ష్మి చాయ్ తెచ్చి, ఎవరికి ముందియ్యాల్నో తెలవక నడుమ నిలబడ్డది.

మా అత్త మంచం మీదికెల్లి అన్నది, "ఆయన పునాది తవ్వినప్పుడు నేను ఎదురుంగ నిలబడి ఉన్న. ఆనాటి కిమ్మత్ రాయి సారు. దానికి మించిన కిమ్మత్ ఏం లేదు."

మామ పోయినంక ఆమె నోటికెల్లి ఆయన మాట వచ్చుడు బహు తక్కువ.

"అవ్వా, నువ్వు చెప్పిన కిమ్మత్ నాకు కట్టరాదు," అన్నడు సారు, మర్యాదగ. "నాకు వచ్చినంత వరకు చెప్త. రేపు మాపు భాగం చేతులు మారుతది కాబట్టి ఇయ్యాల్టి విలువనే చెల్లుతది. కాని బాపు ఇచ్చిపోయింది ఎంతనో అంతకే కట్టాలె. ఆయన జాగ, ఆయన కట్టిన ఇల్లు. ఇద్దరికి సమ్మతమేనా?"

మా ఆయన కొంచెం సేపు మీసం పట్టుకున్నడు. తల్లి దిక్కు చూసిండు. "సమ్మతమే," అన్నడు.

"సమ్మతమే," అన్నడు రాజలింగం.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆయన కట్టిన ఇల్లు అంటే ముందిల్లు. వెనుక అర్రలు లెక్కలకు రావు. బాలలక్ష్మి చేతిలకెల్లి చాయ్ తీసుకుని నేనే అందరికి ఇచ్చిన. రాజలింగానికి ఇచ్చేటప్పుడు చక్కెర కలిపిందో లేదో అని ఇంకో చెంచ వేసిన.

"మరి వెనుక మూడర్రలు?" అన్నడు సారు, కలం పట్టుకుని. "వాటిని పక్కకు పెట్టాలంటే గది గూడ రాయాలె. జాగ అందరిది, కట్టడం వేరేటోళ్లది అని. ఎవరివి అవి?"

"నావి," అన్నడు మా ఆయన.

ఎంత అల్కగ అన్నడు. మొలకు ఉన్న తాళంచెవి ఎవరిదంటే చెప్పినట్టు చెప్పిండు. "బాపు పోయినంక నేనే కట్టిన సారు," అని చాయ్ ఊదుకున్నడు. నా దిక్కు చూడలే. చూడాలని గూడ ఆయనకు తోచలే.

నాకు సంతోషం కావాలె. అర్రలు దక్కినయి కద. కాని చేతిల చాయ్ తాగకుండ కింద పెట్టిన. ఇసుక బండి దించినప్పుడు ఈ మనిషి కంబళి కప్పుకుని పండుకున్నడు. పండుకున్నడని నేను ఎన్నడూ బాధపడలే. డ్యూటీ చేసి వచ్చిన మనిషి. కాని ఇప్పుడు బాధ అయింది. మస్తు బాధ అయింది.

సారు కలం కదిలింది.

"జర ఆగున్రి సారు," అన్నడు రాజలింగం. "అవి అన్నవి కావు. వదినవి."

అన్నది ఎవరో ఒక క్షణం నాకు సమజ్ కాలే. పొద్దటి సంది ఎవని మీద కచ్చ కట్టుకుని తిరుగుతున్ననో గాడు.

మా ఆయన నవ్విండు. "నావైతే ఏంది, ఆమెవైతే ఏంది? ఒక్కటే కద."

"ఇంట్ల ఒక్కటే భీమయ్యా," అన్నడు సారు. "కాయితం మీద ఒక్కటి కాదు. నీవని రాస్తే, రేపు నువ్వు తమ్మునికి పైసలు ఇచ్చెతందుకు ఎవరి దగ్గరనన్న ఇల్లు కుదువ పెడితే, అర్రలు గూడ దాంతోనే పోతయి. ఆమెవని రాస్తే ఆమె సంతకం పెట్టకుండ పోవు. ఎవరి హక్కుకు విలువ కడుతున్ననో తెలవకుండ నేను గోడ ముట్టుకోను."

మా ఆయన మొఖంల నవ్వు పోయింది. మా అత్త ఆకు నములుడు ఆపింది. సారు అద్దాలు సరిచేసుకుని నా దిక్కు తిరిగిండు.

"మీరు చెప్పున్రి అమ్మా. ఎవరివి?"

ఈ ఇంట్ల నన్ను అడగనిది లేదు. ఉప్పెంత, చింతపండు ఎంత, దుప్పటి ఏడున్నది, పిలగాండ్లు ఎందరు వస్తరు. అన్నిటికి జవాబు నోటి మీదనే ఉంటది. ఈ ఒక్కదానికి మీ అన్న చెప్పినట్టే అని వేపచెట్టు కింద అన్న మాటనే మల్ల నాలుక మీదికి వచ్చింది. మా ఆయన ఇప్పుడు నా దిక్కు చూస్తున్నడు. మంచి మనిషి ఆయన. ఒక్కనాడు చెయ్యెత్తలే, ఒక్కనాడు నా వంటకు వంక పెట్టలే. గంత మంచి మనిషి మాటను నలుగురిల కాదనుడు ఎట్ల?

"నావే సారు," అన్న.

సారు రాసిండు. రాసి, కాయితం మడిచి, అప్పుడు సంచి విప్పి టేపు తీసిండు.

"ఒక కొస ఎవరన్న పట్టుకోవాలె. పక్కకు పెట్టేదాన్ని గూడ కొలిచే పక్కకు పెట్టాలె. వెనుక నుంచే మొదలుపెడదాం."

రాజలింగం లేవబోయిండు. మా ఆయన తమ్ముని భుజం మీద చెయ్యి పెట్టి కూసోబెట్టి, తానే లేచిండు. టేపు కొస పట్టుకుని పెరట్లెకు నడిసిండు. సారు ఇంకో కొస పట్టుకుని వెనుక నడిసిండు. మేమందరం ఆడనే నిలబడి చూస్తున్నం.

వంట అర్ర గడప దగ్గర మా ఆయన ఆగిండు. రోజు చెప్పులతోనే లోపలికి పోయి కుండల నీళ్లు ముంచుకునే మనిషి. చెప్పులు ఇడిసిండు. వెనుకకు తిరిగి నా దిక్కు చూసి అడిగిండు.

"లోపలికి రావొచ్చునా?"

ఎకసక్కెమా, నిజంగనే అడిగిండా? మొఖంల ఏం కానరాలే. మరిది తల వంచుకున్నడు. సారు టేపు పట్టుకుని ఆగిండు. మా ఆయన గడప దాటకుండ, నా జవాబు కోసం ఆడనే నిలబడి ఉన్నడు.